వెనక నాలుగు ప్లగ్గులు

మా కారు 2006 మోడల్ హోండా సిటీ జడ్ఎక్స్, నాన్న కొన్నది. 2021లో పదిహేనేళ్ళు నిండాక ఆర్సీ ఇంకో ఐదేళ్ళకి రెన్యూవల్ చేయించాల్సి వస్తే, ఎందుకొచ్చిన గొడవ, అమ్మేద్దాం అన్నాను నేను. "దానికేమైందిరా, బంగారంలా తిరుగుతుంటే" అన్నారు నాన్న. అంతే, అక్కడితో ఆ మాట అయిపోయింది.

పోయిన ఎండాకాలం నుంచి బంగారం కొంచెం మొరాయించడం మొదలుపెట్టింది. మరీ ఆగిపోవడం, మిస్సింగ్ కొట్టడం లాంటివి కాదు, అలా అయితే ఎవరికైనా తెలిసిపోయేది. విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఏసీ వేసుకుని సిగ్నల్‌లో ఆగితే స్టీరింగ్ సన్నగా వణికేది, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మూడో గేర్‌లో తొక్కినా ముందుకి రాకుండా ఏదో ఆలోచించుకుంటున్నట్టు ఉండేది. ఊళ్ళో 12కి తగ్గని మైలేజి 10 దగ్గరికి వచ్చేసింది. ఒక మెకానిక్ ఇంజిన్ మౌంటింగులు అన్నాడు, ఇంకొకతను ఇంజెక్టర్లు క్లీన్ చేయాలన్నాడు, మూడో అతను ఈ బండి ఇంకా ఎందుకు ఉంచుకున్నారండీ అన్నాడు. థ్రాటిల్ బాడీ క్లీనింగ్ ఒకటి చేయించాను. ఓ వారం బాగున్నట్టు అనిపించింది, బహుశా డబ్బులు పెట్టాం కాబట్టి అనిపించి ఉంటుంది.

ప్లగ్గులు, అంటే ఇంజిన్‌లో పెట్రోలుకి నిప్పు పెట్టే స్పార్క్ ప్లగ్గులు, అనే ఆలోచన నాకు రాకపోలేదు. కానీ నాన్న దగ్గర ఫైల్ ఉంది. కారు కొన్నప్పటి నుంచి ప్రతి బిల్లూ, పంక్చర్ వేయించిన చీటీతో సహా, తేదీల వారీగా పంచ్ చేసి పెట్టుకున్న ఫైల్. అందులో 2019 నాటి బిల్లులో స్పార్క్ ప్లగ్ 8 అని స్పష్టంగా ఉంది, పక్కన కిలోమీటర్లు 92 వేలు. ఇప్పుడు మీటర్ మీద లక్షా 31 వేలు. అంటే ఆ ప్లగ్గులు 39 వేలు తిరిగాయి. మామూలు నికెల్ ప్లగ్గులు 30, 40 వేల దగ్గర మార్చుకోవాలంటారు కాబట్టి ఎటూ టైమ్ అయింది, ఈసారి మనమే మారుద్దాం అనుకున్నా. ప్లగ్గులకి హై వోల్టేజి ఇచ్చే కాయిల్స్ బోల్టులు ఎనిమిది, ప్లగ్గులు ఎనిమిది, ఓ ఆదివారం పొద్దున అయిపోతుంది కదా అనుకున్నా. అయిపోలేదు.

ఎనిమిదేంటి, నాలుగు సిలిండర్లకి నాలుగే కదా అనేవాళ్ళ కోసం ఒక మాట. ఈ ఇంజిన్ పేరు ఐ-డీఎస్ఐ. 1497 సీసీ, సిలిండర్‌కి రెండే వాల్వులు కానీ ప్లగ్గులు కూడా రెండు, ఇంజిన్‌కి ముందు వైపు నాలుగు, వెనక వైపు, అంటే డ్రైవర్ ముందుండే అద్దం వైపు, నాలుగు, ప్రతి ప్లగ్గు మీదా దానికొక కాయిల్. పల్సర్‌లో డీటీఎస్ఐ అని స్టిక్కర్ వేసి అమ్మారే, దాదాపు ఆ ఆలోచనే. రెండు చోట్ల నిప్పు రాజుకుంటే పెట్రోలు తొందరగా, పూర్తిగా మండుతుంది. స్పీడును బట్టి రెండింటినీ కొంచెం తేడాతో కూడా వెలిగిస్తుంది. అదే పేరుతో వచ్చిన సిటీలోనే వీటెక్ ఇంజిన్ ఉన్నవాటికి నాలుగే ఉంటాయి. అందుకే ఆటోనగర్‌లో షాపాయన సిటీ జడ్ఎక్స్ అనగానే నాలుగు డబ్బాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎనిమిది కావాలండీ" అన్నాను.

"రెండు బళ్ళున్నాయా బాబూ?"

"కాదండీ, ఒక్క బండికే. ఐ-డీఎస్ఐ."

ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టుకుని నా వంక చూసి, "అందరూ నాలుగే పట్టుకెళ్తారు" అన్నాడు. అప్పుడు నవ్వుకున్నాను. ఆ మాట ఎంత నిజమో రెండు రోజుల తర్వాత తెలిసింది.

తీసుకున్నది ఎన్‌జీకే బీకేఆర్6ఈ-11. ఈ అక్షరాలన్నీ ఏంటా అని నాకు ఎప్పుడూ విసుగే, ఈసారి కూర్చుని చూస్తే చాలా తేలిక. బీ, కే కలిపితే 14 మిల్లీమీటర్ల మర, 16 పానా పట్టే తల. ఆర్ అంటే లోపల రెసిస్టర్ ఉందని, అది లేకపోతే రేడియో గరగరలాడుతుంది. 6 అనేది వేడి నంబరు, అంటే ప్లగ్గు తన వేడిని ఎంత తొందరగా హెడ్‌కి, అదే సిలిండర్ల మీద మూతలా ఉండే భాగానికి, వదిలేస్తుందని. ఈ అంటే మర పొడవు 19 మిల్లీమీటర్లు. చివరి 11 అంటే గ్యాప్, అదే నిప్పురవ్వ దూకే సందు, 1.1 మిల్లీమీటర్లు. డబ్బా మీద ఇంత రాసిపెట్టినా మనం "సిటీకి ప్లగ్గులు ఇవ్వండి" అని అడుగుతాం. నకిలీలు కూడా తిరుగుతుంటాయి కాబట్టి తెలిసిన షాపులో కొనడమే మంచిది. ఎనిమిదింటికీ పన్నెండు వందల చిల్లర అయింది. దాంతోపాటు లోపల రబ్బరు ఉన్న 16 ప్లగ్ పానా, మూడు అంగుళాల ఎక్స్‌టెన్షన్లు రెండు కొన్నాను. పొడుగుది ఒకటి ఇంట్లో ఉంది కదా, పొట్టివి దండగేమో అనిపించింది కానీ ఆ పొట్టివే నన్ను కాపాడాయి.

శనివారం రాత్రే బండి పార్కింగ్‌లో పెట్టి తాళం నా దగ్గర పెట్టుకున్నా. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. హెడ్ అల్యూమినియం, వేడి మీద ప్లగ్గు తిప్పితే మర ఊడి ప్లగ్గుతో పాటు వచ్చేస్తే అప్పుడు ఖర్చు పన్నెండు వందల్లో పోదు. పొద్దున ఆరున్నరకి మొదలుపెట్టాను. నాన్న ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చుకుని స్తంభం పక్కన వేసుకున్నారు, ఒళ్ళో పేపరు, కళ్ళు మాత్రం నా చేతుల మీద.

బ్యాటరీ నెగెటివ్ వైరు తీసి పక్కన పెట్టాను. పై ప్లాస్టిక్ కవరు తీస్తే ముందు నాలుగు కాయిల్స్ వరసగా కనిపిస్తాయి. ఇక్కడ ఒక్కటే జాగ్రత్త, కనెక్టర్ల లాక్. పద్దెనిమిదేళ్ళ వేడికి ఆ ప్లాస్టిక్ అప్పడంలా అయిపోయి ఉంటుంది. నొక్కి లాగాలి, వైరు పట్టుకుని లాగకూడదు అని అన్నీ తెలిసే రెండో దాని లాక్ టక్‌మని విరిచేశాను. నాన్న పేపరు మడిచారు కానీ ఏమీ అనలేదు. దాన్ని తర్వాత జిప్ ట్యాగ్‌తో కట్టాను, ఇప్పటికీ అలాగే ఉంది.

10 నంబరు బోల్టు విప్పి కాయిల్‌ని కొంచెం అటూ ఇటూ తిప్పి పైకి లాగితే వస్తుంది. కాయిల్ తీసిన వెంటనే ప్లగ్గు మీద చెయ్యి వేయకూడదు, ముందు ఆ గుంతలో ఉన్న దుమ్ము ఊదాలి. లేకపోతే ప్లగ్గు తీయగానే ఆ ఇసకంతా సిలిండర్‌లోకి జారుతుంది. నా దగ్గర కంప్రెసర్ లేదు, మా అమ్మాయి సైకిల్ పంపుతో కొట్టాను. ఆ పంపు పట్టుకోవడానికి అది నిద్ర లేచి వచ్చి, పది నిమిషాలు పంపు కొట్టి, బోర్ కొట్టి వెళ్ళిపోయింది.

ముందు నాలుగు ప్లగ్గులూ పెద్దగా ఏడిపించలేదు. మొదట ఒక చిన్న పట్టు, తర్వాత చేత్తోనే తిరిగాయి. మొన లేత గోధుమ రంగులో, ఆరోగ్యంగానే ఉన్నాయి, మధ్య ఎలక్ట్రోడ్ అంచులు కొంచెం గుండ్రంగా అరిగాయంతే. తెల్ల పింగాణీ మీద, తల దగ్గర గోధుమ రంగు ఉంగరంలా ఒక మరక ఉంటుంది, అది చూసి గ్యాస్ లీకవుతోందని కంగారు పడతారు చాలామంది. హై వోల్టేజి చుట్టూ గాలిలోని నూనె తుంపరలు అతుక్కుని వచ్చే మరక అది, దానివల్ల నష్టం లేదు. సందు కొలిచే రేకుల ఫీలర్ గేజ్ పెడితే గ్యాప్ 1.4 దగ్గర ఉంది. 1.1 ఉండాల్సింది. 39 వేలకి న్యాయమే.

కొత్తది ఎక్కించేటప్పుడు మాత్రం పానా వాడలేదు. పెట్రోల్ పైపు ముక్క ఒకటి జానెడు కోసి పెట్టుకున్నాను, ప్లగ్గు తలని ఆ పైపులో గుచ్చి గుంతలోకి దించి వేళ్ళతో తిప్పడం. మర సరిగ్గా పడితే హాయిగా తిరుగుతూ వెళ్తుంది, అడ్డంగా పడితే పైపు జారిపోతుంది తప్ప మర పాడవదు. ఏ ఇనప పానాకీ ఇంత తెలివి లేదు. చేత్తో తిరిగినంత తిప్పాక, వాషరు ఆనిందనిపించాక అప్పుడు పానాతో ఇంకో అరచుట్టు. కొత్త ప్లగ్గుకి ఆ వాషరు నలిగి కూర్చోవాలి కాబట్టి అంత, వాడిన ప్లగ్గునే మళ్ళీ పెడితే చుట్టులో పన్నెండో వంతు చాలు. బలం చూపించడానికి ఇది చోటు కాదు.

నాన్నకి ఇదంతా చూస్తుంటే చేతక్ గుర్తొచ్చింది. "ఇంతసేపా? మేం స్కూటర్ పక్కకి వంచి, ప్లగ్గు ఊడదీసి, గరుకు కాయితం పెట్టి రుద్ది, ఫూ అని ఊది పెట్టేసేవాళ్ళం. రెండు నిమిషాలు." నిజమే, చిన్నప్పుడు నేను చూసిందే. డిక్కీలో ఎప్పుడూ ఒక స్పేర్ ప్లగ్గు గుడ్డలో చుట్టి ఉండేది. ఆయిల్ కలిపిన పెట్రోలు తాగే టూ స్ట్రోక్ బండి అది, నెలకోసారి ప్లగ్గుకి మసి పట్టేది, తీసి రుద్దితే గానీ లేచేది కాదు.

ఎనిమిదిన్నరకి ముందు వరస పూర్తి. ఉప్మా తిని వచ్చి వెనక వరస చూశాను. చూశాను అంటే, చూడటానికి ఏమీ కనపడలేదు. అద్దం కింద ఉండే నల్ల ప్లాస్టిక్ కవరు ఇంజిన్ వెనక సగాన్ని కప్పేసి ఉంటుంది, దాని కిందకి చెయ్యి దూరుతుంది కానీ పానా దూరదు. అది తీయాలంటే వైపర్లు తీయాలి. స్పార్క్ ప్లగ్గు మార్చడానికి వైపర్లు విప్పడం ఏంటి అని మీకు అనిపిస్తే నాకూ అనిపించింది.

వైపర్లు అద్దం మీద ఎక్కడ ఆగి ఉన్నాయో గుర్తుగా పేపర్ టేపు ముక్కలు అతికించాను. నట్లు తేలికగానే వచ్చాయి. డ్రైవర్ వైపు చెయ్యి కూడా రెండు ఊపులకి వచ్చింది. ఎడమ వైపుది మాత్రం కడ్డీకి తుప్పుతో అతుక్కుపోయింది. డబ్ల్యూడీ-40 కొట్టి, అరగంట ఆగి, మళ్ళీ కొట్టి, చంటిపిల్లాడిని ఊయల ఊపినట్టు అటూ ఇటూ ఊపుతూ కూర్చున్నాను. సుత్తి తెస్తానన్నారు నాన్న. వద్దన్నాను. పక్క ఫ్లాట్ బాబాయిగారు వాకింగ్ నుంచి వస్తూ ఆగి, "ఏమైందోయ్, అద్దం మారుస్తున్నావా?" అని అడిగారు. ప్లగ్గులు మారుస్తున్నానండీ అంటే, నా వంకా అద్దం వంకా నాన్న వంకా చూసి, ఇక ఏమీ అడక్కుండా లిఫ్ట్ వైపు వెళ్ళిపోయారు.

పదింబావుకి అది కిర్రుమని ఊడింది. ప్లాస్టిక్ కవరు క్లిప్పులు రెండు విరిగాయి, అవి ఎటూ విరుగుతాయి, ఆటోనగర్‌లో దొరుకుతాయి. కవరు కింద పదేళ్ళ నాటి ఆకులు, ఒక ఐస్‌క్రీమ్ పుల్ల, పక్షి ఈకలు. వైపర్ మోటారు, దాని కడ్డీలు ఇంకా అడ్డంగానే ఉన్నాయి కానీ వాటి జోలికి పోకుండానే పని అవుతుందనిపించి అక్కడితో ఆపాను.

ఇక్కడ పొట్టి ఎక్స్‌టెన్షన్ల పని. పైన ఎత్తు లేదు కాబట్టి పానా, ఎక్స్‌టెన్షన్, వాటిని తిప్పే పిడి రాట్చెట్ ముందే బిగించుకుని దించడం కుదరదు. ముందు ఉత్త ప్లగ్ పానా గుంతలో వేయాలి, దాని మీద ఒక పొట్టి ఎక్స్‌టెన్షన్ గుచ్చాలి, దాని మీద రెండోది, చివర్న రాట్చెట్. తీసేటప్పుడు మళ్ళీ అదే వరసలో ఒక్కొక్కటీ. ఇదంతా చూపుతో కాదు, వేళ్ళతో. కళ్ళు చూడలేనిది ఎడమ చెయ్యి కుడి చెయ్యికి చెప్తూ ఉంటుంది. మూడో కాయిల్ బోల్టు వేళ్ళలోంచి జారి ఎక్కడో టింగుమంది. కింద నేల మీద పడలేదు. ఇంజిన్‌లో పడే దారి లేదని తెలుసు, ప్లగ్గులన్నీ బిగించే ఉన్నాయి, అయినా గుండె జారింది. మాగ్నెట్ పుల్లతో ఇరవై నిమిషాలు గాలిస్తే గేర్‌బాక్స్ పైన ఒక చిన్న అంచు మీద కూర్చుని కనిపించింది.

మొదటి వెనక ప్లగ్గు కదల్లేదు. ఇందాక ముందు వరసలో చిన్న పట్టు అన్నానే, ఇక్కడ రాట్చెట్ పిడి వంగుతుందేమో అనిపించేంత. చుక్క చుక్కగా నూనె వేసి పదినిమిషాలు ఆగి, కొంచెం విప్పి మళ్ళీ కొంచెం బిగించి మళ్ళీ విప్పుతూ, ప్రతి పావు చుట్టుకీ ఒక అరుపు అరుస్తూ బయటికి వచ్చింది. చేతిలోకి తీసుకుని గుడ్డతో తుడిచి వెలుగులోకి పట్టుకున్నాను.

ఎన్‌జీకే కాదు. డెన్సో అని ఉంది, అక్షరాలు సగం చెరిగిపోయి. మధ్య ఎలక్ట్రోడ్ పెన్సిల్ మొన అరిగినట్టు గుండ్రంగా అయిపోయింది, పైన వంగి ఉండే కొక్కెం లోపలి వైపు గుంట పడింది. ఫీలర్ గేజ్‌లో 1 మిల్లీమీటరు రేకు మీద 0.7 రేకు కలిపి పెట్టినా ఇంకా వదులుగానే ఆడుతోంది. 39 వేలు తిరిగిన ప్లగ్గు కాదిది. నాకు అర్థం కావడానికి ఓ నిమిషం పట్టింది. 2019లో ఆ గ్యారేజీ వాళ్ళు ముందు నాలుగే మార్చారు. ఈ నాలుగూ కారుతో పాటు వచ్చినవి. వైపర్లు ఎవరు విప్పుతారు?

ఇంజిన్ మిస్సింగ్ కొట్టకపోవడానికి కారణం కూడా అదే. మామూలు కారులో ఒక ప్లగ్గు పోతే ఆ సిలిండర్ మూగబోతుంది, బండి కుంటుతుంది, ఎవరికైనా దొరికిపోతుంది. ఇందులో వెనక ప్లగ్గు నిప్పు వేసినా వేయకపోయినా ముందుది వెలిగిస్తూనే ఉంటుంది. పని ఆగదు, సగమే అవుతుంది. గ్యాప్ పెరిగే కొద్దీ కాయిల్ ఎక్కువ వోల్టేజి తోడాల్సి వస్తుంది, దాని ఆయుష్షూ తగ్గుతుంది. నాలుగు వెనక కాయిల్స్ ఇన్నాళ్ళు ఎలా తట్టుకున్నాయో.

నాన్న లేచి వచ్చారు. ప్లగ్గు ఆయన చేతిలో పెట్టాను, ఏమీ చెప్పలేదు. తిప్పి చూశారు, ముందు వరసలో తీసిన దాని పక్కన పెట్టి చూశారు. "ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. వెయిటింగ్ రూమ్‌లో కూర్చోబెట్టి టీ ఇచ్చారు" అన్నారు. పైకి వెళ్ళి ఫైల్ తెచ్చారు. ఆ బిల్లు తీసి, 8 అనే అంకె మీద వేలు పెట్టి కాసేపు అలాగే ఉండి, జేబులోంచి పెన్ను తీసి పక్కన చిన్నగా 4 అని రాశారు. మళ్ళీ పంచ్ రంధ్రాల్లోకి ఎక్కించి ఫైల్ మూసేశారు. వెళ్ళి అడుగుదామా అన్నాను. "ఐదేళ్ళయింది, ఎవడు ఒప్పుకుంటాడు. నువ్వు కానీయ్" అన్నారు.

మిగతా మూడూ అదే తంతు. నాలుగోది వచ్చేసరికి ఒంటిగంట, అరచేతిలో బొబ్బ. కొత్తవి మాత్రం పైపు ముక్కతో ముచ్చటగా దిగాయి.

అన్నీ బిగించి, బ్యాటరీ పెట్టి, నాన్నని తాళం తిప్పమన్నాను. లేచింది, కానీ ముందుకంటే ఘోరంగా వణుకుతోంది. ఆ క్షణంలో నా మొహం ఎలా ఉందో నాన్న ఇప్పటికీ చేసి చూపిస్తుంటారు. ఆపించి కనెక్టర్లు ఒక్కొక్కటీ నొక్కి చూస్తే, జిప్ ట్యాగ్ కట్టిన కనెక్టర్ సగమే దిగింది, దాంతోపాటు వెనక వరసలో సరిగ్గా దాని ఎదురుగా ఉన్నదీ టక్ అనలేదు. ఒకే సిలిండర్‌కి రెండూ లేవు, అందుకే ఆ ఊపు. రెండూ నొక్కాక మళ్ళీ తిప్పితే, అబ్బ, ఆ శబ్దం లేకపోవడం. టాకోమీటర్ ముల్లు అతికించినట్టు నిలబడింది. ఆ సాయంత్రమే ఫ్లైఓవర్ మీదకి తీసుకెళ్ళాను, మూడో గేర్‌లో అడక్కుండానే ఎక్కింది. తర్వాతి ట్యాంకు ఫుల్ టు ఫుల్ లెక్క వేస్తే 12.3 వచ్చింది. నాన్న ఆ చీటీ కూడా ఫైల్లో పెట్టారు.

పాత ఎనిమిదీ హార్లిక్స్ సీసాలో వేసి బాల్కనీలో పెట్టాను, ఎందుకో పారేయబుద్ధి కాలేదు.

ఒక్కటే మిగిలిపోయింది. ఎడమ వైపర్ బిగించేటప్పుడు టేపు గుర్తుకి రెండు వేళ్ళు పైకి పడ్డట్టుంది. మొదటి వానలో వేస్తే టపటపా కొట్టుకుంటోంది. దాన్ని సరిచేయాలంటే మళ్ళీ ఆ తుప్పు కడ్డీ విప్పాలి. ప్రస్తుతానికి ఎడమ వైపు కూర్చునేవాళ్ళకి అలవాటైపోయింది.